డీజిలు లారీ మైలేజీ హఠాత్ క్షీణత: నిదాన విధానము

నిండు బరువుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు నడచుచుండిన డీజిలు లారీ, ఒక వారము తిరుగునప్పటికి మూడున్నరకో మూడింటికో దిగిపోయినపుడు, దానికి గల హేతువును కనుగొను పద్ధతికే ఇచట మైలేజీ నిదానమని పేరు. ఆయుర్వేదమున నిదానమనగా రోగమూలమును నిర్ణయించుట. వాడుక తెలుగున నిదానమనగా తొందరపాటు లేకుండుట. ఈ విషయమున రెండర్థములును సరిగ అతుకును. మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చి దశాబ్దములు గడచినను, మైలేజీ యను మాట మాత్రము యజమానుల నోటను, డ్రైవర్ల నోటను, షెడ్డు మేస్త్రీల నోటను చెక్కుచెదరక నిలిచియున్నది. కావున ఈ వ్యాసమునందును దానినే వాడుచున్నాము.

మొత్తము బరువు 25 టన్నులు గల పదిచక్రాల లారీ నెలకు 10,000 కిలోమీటర్లు తిరుగుననుకొందము. లీటరుకు 4 చొప్పున దానికి 2,500 లీటర్ల డీజిలు కావలెను, అదియే 3.5కు దిగినచో దాదాపు 2,857 లీటర్లు కావలెను. అరకిలోమీటరని తేలికగ పలుకబడు ఆ తరుగు నెలకు మూడువందల యేబది లీటర్లకు పైబడిన వ్యయమన్నమాట. అందువలననే మైలేజీ పడిపోయిన మరునాటినుండి యజమాని డ్రైవరును శంకించును, డ్రైవరు బంకును శంకించును, మేస్త్రీ నాజిళ్ళను విప్పదీయును. ముగ్గురును ఊహతో మొదలిడి, ఊహ ఫలింపనప్పుడు ఖర్చుతో ముగింతురు.

హఠాత్తుగ సంభవించిన క్షీణతకు రెండు గురుతులు తప్పక యుండును: ఒకటి దాని తేది, రెండవది దాని పరిమాణము. పిస్టను రింగులు అరుగుట, నాజిలు రంధ్రములు పెద్దవగుట, వాల్వులు కూర్చుండు చోటులు తినివేయబడుట మున్నగునవి నెలల తరబడి సాగు కార్యములు. అవి మైలేజీని మెల్లమెల్లగ జార్చునేగాని ఒక్క వారమున పడద్రోయవు. ఒక్క వారమున పడినదనగా ఆ వారమున ఏదియో యొకటి మారినదని యర్థము: టైర్లు మారియుండవచ్చును, బాట మారియుండవచ్చును, బ్రేకులు బిగించియుండవచ్చును, గొట్టమొకటి చిట్లియుండవచ్చును. ఇక పరిమాణమందురా, ప్రతి దోషమునకును తాను తినగలిగినంత డీజిలునకు ఒక మేర కలదు. నూటికి మూడు వంతులకు మించి హరింపజాలని దోషముపై ఇరువది వంతుల నేరమును మోపుట లెక్కకు నిలువదు. స్పానరు చేబట్టుటకు ముందు ఈ రెండింటిని విచారించుటయే నిదానమునకు ప్రాణము.

లీటరు డీజిలు చేయు పని

రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన యంత్రమును 1897లో జర్మనీ దేశమున ఆగ్స్‌బర్గ్ నగరమునందు పరీక్షించినప్పుడు, అది ఇంధనమునందలి ఉష్ణశక్తిలో నూటికి 26 వంతులను పనిగ మార్చెను. ఆవిరియంత్రముల కాలమున ఆ సంఖ్య ఆశ్చర్యకరము. అయితే ఆ యంత్రము కదలని యంత్రము. దానిని రోడ్డెక్కించుటకు మరి ముప్పది యేండ్ల కృషి కావలసివచ్చెను. 1927లో బాష్ సంస్థ ఇంజక్షను పంపును విస్తారముగ తయారుచేయ మొదలిడిన పిమ్మటనే డీజిలు లారీకి నమ్మదగిన గుండె దొరకినదని చెప్పవచ్చును. మన దేశమున 1951లో ఇంజక్షను పంపులు తయారుచేయు మైకో సంస్థ నెలకొనుట, 1954లో జంషెడ్‌పూరునందు జర్మను సంస్థ సహకారముతో టాటా లారీలు వెలువడుట, 1955లో మద్రాసునందలి అశోక్ మోటార్స్ సంస్థ అశోక్ లేలాండుగ మారుట, ఈ మూడును ఒకదానివెంట ఒకటి జరిగి పెట్రోలు లారీల కాలమునకు క్రమముగ తెరదింపినవి.

లీటరు డీజిలునందు సుమారు 36 మెగాజౌళ్ళ ఉష్ణశక్తి యుండును. దానిలో మూడవ వంతో, అంతకు కొంచెము మించియో చక్రముల కడకు చేరును. మిగిలినది రేడియేటరునుండియు సైలెన్సరునుండియు వేడిగ వెడలిపోవును. చక్రము కడకు చేరిన శక్తితో లారీ మూడు వైరులతో పోరాడవలెను. మొదటిది టైర్ల దొర్లుడుకు కలుగు ప్రతిబంధము: మంచి తారురోడ్డుపై టన్నుకు సుమారు 8 కిలోల లాగుడు, అనగా 25 టన్నులకు 200 కిలోలు. రెండవది గాలి: గంటకు 60 కిలోమీటర్ల వేగమున పెద్ద లారీకి సుమారు 95 కిలోలు. వేగము 80కి పెరిగినచో గాలి యడ్డు వేగవర్గమును బట్టి పెరుగును గావున 170 కిలోలగును. మూడవది ఎత్తు: నూరు మీటర్లకు ఒక్క మీటరు చొప్పున రోడ్డు లేచినను 250 కిలోల లాగుడు అదనముగ కావలెను, అనగా కంటికి సమతలమువలె తోచు ఆ స్వల్పపు ఎగువ, సమతలమునందలి మొత్తము శ్రమను రమారమి రెట్టింపు చేయును. ఈ నాలుగంకెలను మనసున నుంచుకొన్నవానికి, చెప్పబడు కారణములలో ఏది నమ్మదగినదో ఏది నమ్మరానిదో తనంతట తానే తెలిసివచ్చును. వేగము 60నుండి 80కి పెరిగినచో లాగుడు 295నుండి 370 కిలోలకు, అనగా నాలుగవ వంతు పెరిగినది. కొత్త రోడ్డు తెరవబడి బండి అరగంట ముందు చేరుచున్నదని సంతసించు యజమాని, ఆ అరగంటను డీజిలు పోసి కొనుచున్నాడని ఈ లెక్క చూపును.

కొలతను శంకించుట

ఇంజను కంటె ముందు కొలతను శంకింపవలెను. మైలేజీ యనునది రెండు సంఖ్యల భాగహారము. ఆ రెండింటిలో ఏది తప్పినను లేని రోగము ఉన్నట్లు కనబడును. మీటరు ముల్లు మొదలు కంప్యూటరు తెరవరకు ఎన్ని వచ్చినను, నింపిన ట్యాంకునుండి నింపిన ట్యాంకువరకు లెక్కించుటయే నేటికిని ప్రమాణము. కాని నింపుటయనగా ఏమి? 360 లీటర్ల ట్యాంకు అరవై సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు గలదైనచో, దాని పైభాగమున ఒక్క అంగుళపు తేడా 15 లీటర్లకు సమానము. బంకు ఆవరణ వాలుగ నున్నను, గన్ను ఒకమారు కట్ అయినంతనే ఆపినను, నురుగు అణగకముందే మూత వేసినను ఈ అంగుళము సులువుగ తప్పిపోవును. నాలుగువందల కిలోమీటర్ల ప్రయాణమునకు నూరు లీటర్లు పట్టు బండికి 15 లీటర్ల తేడా అనగా నూటికి పదునైదు వంతులు. ఏ దోషమును లేని బండి 4నుండి 3.5కు దిగినట్లు కాగితముపై కనబడుటకు ఇది చాలును. కావున ఒక ట్యాంకు లెక్కతో తీర్పు చెప్పరాదు. ఒకే బంకున, ఒకే స్థలమున నిలిపి, మెడవరకు నింపి, మూడు నాలుగు మార్లు వరుసగ కూడినచో ఆ పదునైదు లీటర్ల పొరపాటు మొత్తమున కరగిపోవును.

బంకు కొలతపై అనుమానమున్నచో దానికి విధానము కలదు. ప్రతి బంకునందును తూనికలు కొలతల శాఖవారి ముద్రగల 5 లీటర్ల కొలపాత్ర యుండవలెను. అడిగినవానికి దానితో కొలిచి చూపవలెను. 25 మిల్లీలీటర్ల వరకు తేడాకు సమ్మతి కలదు. కల్తీ యను మాట మరింత తరచుగ వినబడును. కిరసనాయిలు కలిపిన డీజిలు మైలేజీ తగ్గించుననుట నిజమే కాని ఎంత? లీటరు కిరసనాయిలునందలి శక్తి లీటరు డీజిలు శక్తి కంటె నూటికి మూడు నాలుగు వంతులు మాత్రమే తక్కువ. ఐదవ వంతు కల్తీ జరిగినను శక్తి లోపము నూటికి ఒకటికి మించదు. ఆ కల్తీ వలని అసలు హాని వేరొకటి: కిరసనాయిలునకు జిడ్డు తక్కువగుటచే పంపు, ఇంజక్టర్లు లోలోపల ఒరసికొని పాడగును, ఆ ఫలితము నెలల పిమ్మట బయటపడును. ఎండకాలపు వ్యాకోచమును గూర్చియు ఇట్లే చెప్పవలెను. పదునైదు డిగ్రీల వేడి తేడాకు డీజిలు ఘనపరిమాణమున నూటికి ఒకటింబావు మాత్రమే మారును. ఇవి లేని కారణములు కావు, చాలని కారణములు.

కిలోమీటర్ల సంఖ్యయు అంత నిర్దోషి కాదు. లారీలోని మీటరు చక్రము తిరిగిన తడవలను లెక్కించునేగాని రోడ్డును కొలువదు. మీటరుకు పైచిలుకు అడ్డుకొలత గల టైరు, పదునైదు మిల్లీమీటర్ల కండ అరిగి మూడు మిల్లీమీటర్లు మిగులునప్పటికి నూటికి రెండు వంతులకు పైగా చిన్నదగును. చిన్నచక్రము ఎక్కువ తడవలు తిరుగును గావున అరిగిన టైర్లతో బండి ఎక్కువ దూరము పోయినట్లు మీటరు చూపును. కొత్త టైర్లు వేసిన మరునాడు ఆ అబద్ధము నిలిచిపోవును. పైపెచ్చు, దళసరి కండగల కొత్త టైరు దొర్లుడుకు అరిగినదానికంటె ఎక్కువ అడ్డు చెప్పును. ఈ రెండును కలిసినపుడు "టైర్లు మార్చిననాటినుండి మైలేజీ పోయినది" అను ఫిర్యాదు పుట్టును. ఫిర్యాదు యథార్థమే, రోగము మాత్రము కొంత భాగము భ్రమ.

ఇక బాట. విజయవాడ సముద్రమట్టమునకు ఇరువది మీటర్ల ఎత్తుననో ఆ ప్రాంతముననో యున్నది. హైదరాబాదు అయిదువందల మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. పాతిక టన్నుల లారీని ఆ అయిదువందల మీటర్లు పైకెత్తుటకే సుమారు పది లీటర్ల డీజిలు కావలెను. రెండు నగరముల నడుమ దూరము సుమారు 270 కిలోమీటర్లు, సమతలమైనచో 64 లీటర్లతో తీరును. పైకి పోవునప్పుడు అది 74 లీటర్లగును, తిరుగు ప్రయాణమున అదే బరువున్నచో ఆ పదింటిలో చాలభాగము తిరిగి చేతికి వచ్చును. ఒకే బండి, ఒకే డ్రైవరు, ఒకే డీజిలు, పోవునప్పుడు 3.65, వచ్చునప్పుడు 4.8 వరకును. కోస్తా రహదారిపై విశాఖపట్నమునకు తిరుగుచుండిన బండిని సాలూరు ఘాటు మీదుగ కోరాపుట్టునకో, దోర్నాల మీదుగ శ్రీశైలమునకో పంపి పాత మైలేజీ నడుగుట న్యాయము కాదు. బరువు విషయమును అంతే. 2018లో కేంద్ర ప్రభుత్వము ఇరుసులపై అనుమతించిన బరువును పెంచినపుడు, మూడిరుసుల లారీ మొత్తపు బరువు 25నుండి 28.5 టన్నులకు పెరిగెను. చట్టబద్ధముగనే ఏడవ వంతు ఎక్కువ మోయుచు, పాత అంకెను పట్టుకొని వగచుటలో అర్థము లేదు. అందువలన కాటా చీటీలు మైలేజీ పుస్తకమునకు జతపరచి యుంచుట మంచిది.

చక్రములు, బ్రేకులు, ఇరుసులు

కొలత సరియే యని తేలిన పిమ్మట బండిచుట్టు ఒక ప్రదక్షిణము చేయవలెను. దీనికి పనిముట్లు అక్కరలేదు, చేయి, కన్ను, ముక్కు చాలును. హఠాత్ క్షీణతకు గల కారణములలో అత్యధికము ఇచటనే దొరకునని, ఇంజను విప్పుటకు వేలు ఖర్చుపెట్టినవారు ఆలస్యముగ గ్రహింతురు.

పట్టివేసిన బ్రేకు వీనిలో ప్రధానము. కొత్త లైనర్లు వేసి బిగుతుగ సర్దినపుడో, బ్రేకు లోపలి స్ప్రింగు తెగినపుడో, గాలి గొట్టము కారుచు పార్కింగు బ్రేకు పూర్తిగ విడువనపుడో ఒక చక్రము ఎల్లవేళల స్వల్పముగ పట్టుచుండును. ఇరువది కిలోల పట్టు ఐనచో డ్రైవరు చేతికి తెలియదు, బండి పక్కకు లాగదు. కాని మొత్తము 295 కిలోల లాగుడులో అది నూటికి ఏడు వంతులు. అరువది కిలోమీటర్ల వేగమున ఆ పట్టు ఒక్క డ్రమ్మునందే మూడు కిలోవాట్లకు పైబడిన వేడిని పుట్టించును, అనగా మూడు ఇస్త్రీపెట్టెలు ఎడతెగక కాలుచున్నట్లే. కాబట్టి పరీక్ష మిక్కిలి సులభము: బ్రేకు ఎక్కువగ తొక్కకుండ ఇరువది కిలోమీటర్లు నడపి, దానంతట అదియే నిలుచునట్లు ఆపి, అన్ని డ్రమ్ముల యొద్దను చేయి చాపి (తాకరాదు) వేడిని పోల్చి చూడవలెను. ఒకటి తక్కినవానికంటె స్పష్టముగ వేడెక్కియున్నచో అది బ్రేకో హబ్బు బేరింగో తేల్చుటకు జాకీ యెత్తి చక్రమును చేత త్రిప్పిన చాలును. అనుభవశాలియైన క్లీనరు కాలిన లైనరు వాసనను బట్టియే ఏ చక్రమో చెప్పగలడు.

టైర్లలో గాలి తగ్గుట సర్వసామాన్యము. ఉండవలసినదానికంటె పది పౌన్లు తగ్గినచో నూటికి ఒకటి వంతున డీజిలు పెరుగును. జంటచక్రములలో లోపలి టైరు గాలి తగ్గినను పైకి కనబడదు, బరువంతయు వెలుపలి టైరు మోయుచుండును. సుత్తితోనో కర్రతోనో కొట్టి శబ్దము వినుట గేజికి బదులు కాదు, అయినను గేజి లేని చోట మేలే. ముందు చక్రముల అమరిక తప్పినచో టైరు కండ ఒకవైపు నునుపుగను, మరియొకవైపు రంపపు పండ్లవలెను అరుగును. అరచేతిని లోపలికొకమారు, వెలుపలికొకమారు రాచి చూచినచో తెలియును. కమాను కట్టల సెంటరు బోల్టు తెగి ఇరుసు వెనుకకు జరిగినచో బండి సూటిగ పోవుచున్నట్లున్నను వెనుకచక్రములు ముందుచక్రముల జాడను తొక్కక పక్కగ నడచును. ఇది నిజముగనే ఒకనాటి గతుకుతో పుట్టు దోషము, అద్దమునందు ఒకవైపు బాడీ ఎక్కువ కనబడుటయే దాని మొదటి సూచన. లిఫ్టు ఇరుసు గల బండ్లలో ఖాళీగ పోవునపుడు దానిని ఎత్తకుండుట, క్యాబిను కంటె మిక్కిలి ఎత్తుగ లోడు వేసి టార్పాలిన్‌ను వదులుగ కట్టి గాలికి రెపరెపలాడనిచ్చుట, ఇవియు ఈ వర్గమునకు చెందినవే.

గాలి, ఇంధనము

డీజిలు ఇంజనునందు పొగయే వాక్కు. నల్లని పొగ పోసిన డీజిలునకు తగినంత గాలి లేదని చెప్పును. తెల్లని పొగ, వేడెక్కిన పిమ్మటను విడువనిచో, డీజిలు కాలకయే పోవుచున్నదనియో నీరు సిలిండరులోనికి దిగుచున్నదనియో చెప్పును. నీలిపొగ ఇంజనాయిలు కాలుచున్నదని చెప్పును. భారత్ స్టేజ్-6 బండ్లలో సైలెన్సరుకు ముందున్న వడపోత ఈ నోరును చాలవరకు నొక్కివేసినది. కాని పాతబండ్ల విషయమున మొదటి సాక్ష్యము ఇదియే.

గాలి తక్కువగుటకు మొదటి నేరస్థుడు ఎయిర్ ఫిల్టరు. చీమకుర్తి గ్రానైటు క్వారీలనుండియు, సింగరేణి బొగ్గు గనులనుండియు సరకు తెచ్చు బండ్లకు కంపెనీ పుస్తకమున వ్రాసిన కిలోమీటర్ల లెక్క చెల్లదు. ఒక్క వారము ధూళిలో తిరిగినను ఫిల్టరు మూసికొనును. రెండవది టర్బో గొట్టము. టర్బోనుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టము చిట్లినను, దాని క్లిప్పు వదులైనను, కుదించి పంపిన గాలి దారిలోనే జారిపోవును. "బండి లాగటం లేదు, పొగ కొడుతున్నది" అని డ్రైవరు ఒకే వాక్యమున రెండు లక్షణములను చెప్పినచో మొదట చూడవలసినది ఇదియే. ఇంజనును రేసు చేయించి గొట్టముల కీళ్ళపై సబ్బునీరు పోసినచో బుడగలు లేచును. ఇంటర్‌కూలరు పగుళ్ళును ఇట్లే పట్టుబడును.

ఇంధన మార్గమున కారుడును గూర్చి ఒక లెక్క చెప్పదగియున్నది. క్షణమున కొక్క చుక్క చొప్పున కారు పైపు గంటకు 180 మిల్లీలీటర్లు పోగొట్టును, పది గంటల ప్రయాణమున రెండు లీటర్ల లోపే. నూరు లీటర్లలో అది నూటికి రెండు వంతులకును తక్కువ. మైలేజీ పదునైదు వంతులు పడుటకు కారుడే కారణమైనచో క్షణమునకు ఎనిమిది చుక్కలు, అనగా ఎడతెగని సన్నని ధార కారవలెను. అట్టిది నిలిపిన బండి క్రింద కనబడక, నడచుచున్నపుడు మాత్రమే పుట్టి గాలికి చెదరిపోవుటయు కలదు. చాసిస్సుపై ధూళి తడిసి నల్లగ అంటుకొనియున్న చోటు దాని జాడ. వెలుపలికి కారక లోపలికి కారు డీజిలు అంతకంటె అపాయకరము: పంపు లోపలి సీలు తెగి డీజిలు ఇంజనాయిలులో కలియుచున్నపుడు, ఆయిలు గేజి కడ్డీపై మట్టము తగ్గుటకు మారుగ పెరుగును. ఆయిలు పెరిగినదని సంతసించిన బండి కొలది దినములలో బేరింగులు పట్టివేసి రోడ్డుపై నిలిచిపోవును. మైలేజీ పడినదని విన్న తక్షణమే ఆ కడ్డీని లాగి చూచి, వాసన చూచుట అలవాటు చేసికొనదగినది.

పాత వరుస పంపు గల ఇంజనులలో పంపు కప్లింగు జారి టైమింగు వెనుకబడుట, నాజిలు సూది పట్టివేసి చుక్కలుగ కారుట హఠాత్ కారణములే. నాజిలు పరీక్ష మేస్త్రీలందరికిని తెలిసినది: ఇంజను మెల్లగ ఆడుచుండగ ఒక్కొక్క పైపు నట్టును వదులుచేసి చూచినచో, మంచి సిలిండరు వంతు వచ్చినపుడు ఇంజను తడబడును, చెడిన సిలిండరు వంతు వచ్చినపుడు ఏ మార్పును ఉండదు. కామన్ రైలు ఇంజనులలో మాత్రము ఈ పని చేయరాదని గట్టిగ చెప్పవలసియున్నది. పాత నాజిళ్ళు 200 బార్ల ప్రాంతమున తెరచుకొనుచుండగ, ఈ రైలునందు 1,600 బార్లకు మించిన పీడనము నిలువయుండును, ఆ పీడనమున వెలువడిన డీజిలు చర్మమును చీల్చి లోనికి చొరబడును. వానియందు ఇంజక్టర్లనుండి తిరిగివచ్చు డీజిలును గాజుకుప్పెలలో పట్టి, ఏ ఇంజక్టరు ఎక్కువ విడుచుచున్నదో పోల్చి చూతురు.

వేడి చాలని ఇంజను, జారు క్లచ్చి

మన ఎండలకు భయపడి థర్మోస్టాటును తీసిపారవేయుట షెడ్లలో పాత అలవాటు. దానివలన ఇంజను తనకు కావలసిన ఎనుబది, తొంబది డిగ్రీల వేడికి చేరకయే నడచును. ఆయిలు చిక్కగ నుండి ఒరపిడి పెరుగును, డీజిలు చక్కగ కాలదు. వేడి ముల్లు ఎల్లప్పుడును దిగువననే యుండుట ఆరోగ్యమని తలచు డ్రైవర్లు కలరు. అది ఆరోగ్యము కాదు. ఫ్యానుకు క్లచ్చి గల బండ్లలో అది పట్టివేసినచో, అవసరము లేనపుడును ఫ్యాను పూర్తి వేగముతో తిరుగుచు శక్తిని హరించును. దాని హోరు క్యాబినులో కూర్చున్నవానికి మొదట వినబడును. క్లచ్చి ప్లేటు జారుచున్నచో, ఎగువన ఇంజను శబ్దము పెరుగునుగాని వేగము పెరుగదు. ఈ మూడును కంటితోనో చెవితోనో పట్టదగినవి గావున వీనిపై ఎక్కువ వ్రాయ నక్కరలేదు.

భారత్ స్టేజ్-6 బండ్ల ప్రత్యేకత

1 ఏప్రిల్ 2020నుండి విక్రయింపబడు లారీలలో పొగను శుభ్రపరచు పరికరములు అదనముగ చేరినవి. మసిని పట్టియుంచు వడపోత నిండినప్పుడెల్ల, ఇంజను కొంత డీజిలును అదనముగ పంపి, దానిని ఆరువందల డిగ్రీల ప్రాంతమునకు వేడెక్కించి మసిని కాల్చివేయును. నిరంతరము హైవేపై సాగు బండిలో ఇది అరుదుగ జరుగును. ఊరిలోపల ఆగుచు సాగుచు తిరుగు బండిలోను, గంటల తరబడి ఇంజను ఆపక లోడింగుకై నిలుచు బండిలోను తరచుగ జరుగును. కాబట్టి బాట మారినపుడు మైలేజీ రెండు విధముల పడును, ఒకటి బాట వలన, మరొకటి వడపోత వలన. ఎగ్జాస్టును మరల లోనికి పంపు వాల్వు మసిపట్టి తెరచియే నిలిచిపోవుట, సెన్సరు తప్పు చెప్పుట మున్నగు దోషములను తెరపై వెలుగు దీపము తెలియజేయును. స్కానరు పెట్టి కోడు చదువనిదే ఊహించుట వ్యర్థము. పొగను శుభ్రపరచుటకై పోయు, యూరియా యని డ్రైవర్లు పిలుచు డెఫ్ ద్రావణము (దానిలో యూరియా నూటికి 32.5 వంతులు, తక్కినది శుద్ధజలము) డీజిలు లెక్కలో చేరదు, దానికి బదులు మరేదో పోసి లేదా ఆ వ్యవస్థను దాటవేయించి డీజిలు మిగులునని చెప్పువారి మాట వినిన యజమాని, పిమ్మట కంట్రోలరు శక్తిని తగ్గించివేసినపుడు లోడుబండిని ఘాటుపై నిలుపుకొని చింతించును.

డ్రైవరు

డ్రైవరు మారినచో మైలేజీ మారుననుట సత్యము. గేరు మార్చు వేళ, ముందున్న బండిని గమనించి ముందే కాలు తీయుట, నిలిచినపుడు ఇంజనును ఆపుట, వీనివలన ఒకే బండిపై గణనీయమైన తేడా వచ్చును. నిలిచిన బండి ఇంజను గంటకు దాదాపు రెండు లీటర్లు త్రాగును గావున, సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు ఆరు గంటలు ఇంజనాపక వేచిన బండి ఒక్క కిలోమీటరు కదలకయే పండ్రెండు లీటర్లు ఖర్చు చేయును. ట్యాంకునుండి డీజిలు తీయబడుటయు లేనిది కాదు. అయితే దొంగతనమునకు దానిదైన అంకగణితము కలదు: అది లీటర్లలో జరుగును, వంతులలో జరుగదు. యంత్రదోషము దూరము పెరిగినకొలది పెరుగును, ఖాళీగ నడచినను లోడుతో నడచినను తన వంతు తాను తీసికొనును. తీసిన డీజిలు ఒక ట్రిప్పునకు ఒకే మోతాదున, తరచుగ రాత్రి నిలిచిన చోటుల లెక్కలో మాత్రమే కనబడును. ఈ భేదమును పుస్తకమునుండి చదువకయే డ్రైవరును నిందించి పంపివేసిన యజమాని, కొత్త డ్రైవరు చేతిలోను అదే అంకె వచ్చినపుడు పట్టివేసిన బ్రేకును కనుగొనుట లారీ యూనియను ఆఫీసులలో తరచుగ వినవచ్చు కథ.

మరమ్మతు జరిగిన పిమ్మట దానిని నిర్ధారించుట వేరొక పని. 1960ల దశకమున విజయవాడయందు వెలసిన ఆటోనగరు వంటి చోట పంపు, నాజిళ్ళు, టర్బో, అలైన్‌మెంటు, గేరుబాక్సు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రత్యేక షెడ్డు కలదు. ఉదయము వెళ్ళిన బండి సాయంకాలమునకు నాలుగు మరమ్మతులు చేయించుకొని రాగలదు. ఆ సౌలభ్యమే నిదానమునకు శత్రువు. నాలుగును ఒక్కమారే చేయించినచో మైలేజీ తిరిగివచ్చినను ఏది కారణమో తెలియదు, మరల పడినపుడు మరల నాలుగును చేయింపవలసియుండును. ఒక్కటి మార్చి, అదే బాటపై, అదే దిశలో, కాటా చీటీ ప్రకారము అదే బరువుతో, అదే బంకున మూడు ట్యాంకులు నింపి చూడవలెను. వచ్చిన తేడా నూటికి మూడు నాలుగు వంతుల లోపున్నచో అది గాలికో, ట్రాఫిక్కునకో, నింపుటలోని అంగుళమునకో చెందినది కావచ్చును. అంతకు మించినచో ఆ తేదిని, ఆ మరమ్మతును, మీటరు అంకెను పుస్తకమున ఒకే వరుసలో వ్రాసి, తరువాతి అనుమానమునకు పోవలెను.